పొట్టోడి పదో మెట్టు

2016 ఆగస్టు 14, ఆదివారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా ఆట నియమాల కొత్త పుస్తకం ఆయన దుకాణానికి చేరింది. పార్శిల్ తెచ్చినతని కాగితం మీద సంతకం పెట్టింది నేను. ఆయన చేతులు రెండూ వార్నిష్‌లో ఉన్నాయి. చేతులు కడుక్కుని వచ్చి, పుస్తకాన్ని తెరవకుండానే అరచేతిలో పెట్టుకుని, రాగితీగ చుట్టను తూచినట్టు కిందికీ పైకీ ఆడించి, "పాతదానికన్న బరువున్నది" అన్నాడు. ఆ రోజు డైరీలో ఈ మాట తప్ప మరేమీ రాసుకోలేదు.

పోయిన ఆదివారం అదే ఆటకు మరో కొత్త పుస్తకం వచ్చింది. తెచ్చినవాడు విఠల్. దాన్ని బల్ల మీద పెట్టి, ఆటలోని మన మనుషులను ఇంకోసారి మార్చుకోవాల్సిందే అన్నాడు. ఆయన లేకుండా మేము చేయవలసిన మొదటి మార్పిడి అది. ఆ మధ్యాహ్నం ఏం తేలిందో రాయడానికే ఈ కాగితం తీశాను. కానీ అది అర్థం కావాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

ఆయన పేరు రాయను. తన పేరు ఎక్కడైనా రాసి ఉండటం ఆయనకు నచ్చేది కాదు. దుకాణం బోర్డు మీద కూడా 'మోటారు వైండింగ్' అన్న రెండు మాటలే ఉండేవి. నాకు ఆయన అన్న, ఆయనకు నేను చెల్లె. మా ఇంటి బోరు మోటారు కాలిపోయిన రోజున కలిసిన వరస అది.

కాలిన మోటారుకు కొత్త తీగ చుట్టాక వార్నిష్ పోసి ఆరబెట్టాలి. కరీంనగర్‌లో మిగతా దుకాణాలవాళ్లు రేపు రమ్మని పంపేస్తారు. ఈయన మాత్రం వెనక గదిలో కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, "ఇప్పుడు నువ్వొక చీకటి గుహ ముంగట నిలవడ్డవు. ఏం జేస్తవు" అని అడిగేవాడు. అడిగి, జవాబు కోసం నిజంగానే ఎదురుచూసేవాడు. చాలామంది నవ్వి లేచిపోయారు. లేవకుండా జవాబు చెప్పినవాళ్లం ముగ్గురం: సిరిసిల్ల నుంచి మరమగ్గాల మోటార్లను బస్సులో వేసుకొచ్చిన రాజమల్లు, భైంసా నుంచి వచ్చి ఇక్కడి జిన్నింగు మిల్లులో పత్తి కాంటా దగ్గర పనిచేస్తున్న విఠల్, నేను. మోటార్లు ఆరిపోయాయి, ఇళ్లకు వెళ్లిపోయాయి. మేము మాత్రం ప్రతి ఆదివారం ఆ గదికి వస్తూనే ఉన్నాం.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఇందులో గడులు గీసిన బోర్డు ఉండదు, గెలవడం ఓడటం ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగతావారు తలా ఒక మనిషిని ఆ కథలోకి దింపుతారు. ఒకరు కత్తివీరుడు, ఒకరు దొంగ, ఒకరు మంత్రగత్తె. ఆ మనిషి బలమెంత, కవచమెంత, ఏయే విద్యలు వచ్చు, ఎన్నో మెట్టు మీద ఉన్నాడు అన్నదంతా ఒక కాగితం మీద ఉంటుంది. చేయబోయిన పని అయిందా కాలేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఆపదలు దాటినకొద్దీ పాయింట్లు కూడి మనిషి మెట్లెక్కుతాడు. పుస్తకంలో ఉండేవి ఈ నియమాలు. కొన్నేళ్లకొకసారి వాటిని సరిదిద్ది కొత్త పుస్తకం వేస్తారు. పాత నియమాల కింద పుట్టిన మనిషి కొత్తవాటి కింద బతకాలంటే అతని అంకెలన్నీ మార్చి రాయాలి.

మా పాత పుస్తకం ఆయన మస్కట్ నుంచి తెచ్చుకున్న జిరాక్సు కట్ట. అక్కడ ఒక కంపెనీ క్యాంపులో పదకొండేళ్లు ఉండి వచ్చాడు. ఆ ఇంగ్లీషు కట్టలోంచి ఆయన మాకు చెప్పిన కథలో పరాయి వాసన ఉండేది కాదు. నిప్పులు కక్కే జంతువు మాకు అగ్గిపాము. అది గ్రానైటు క్వారీ అడుగున నీళ్లలో ముడుచుకుని పడుకునేది. పాచికను ఆయన గవ్వ అనేవాడు. గవ్వ దొర్లి ఆగగానే దాని మీద అరచెయ్యి మూసి, "జర ఆగు. పడకపోతె ఏం జేస్తవు" అని అడిగేవాడు. మనం జవాబు చెప్పాకే చెయ్యి తీసేవాడు. గెలిచే ముందు ఓడినప్పటి సంగతి ఆలోచించుకోవలసి రావడం మొదట్లో విసుగనిపించేది. ఇప్పుడు ఆట నేను నడుపుతున్నాను. ఒకసారి నేనూ గవ్వ మీద అరచెయ్యి మూసి చూశాను. ఇద్దరూ తలలు వంచుకున్నారు. వెంటనే తీసేశాను.

ఎవరి మనిషి అయినా కథలో పడిపోతే ఆయన లేచి ఫ్యాను ఆపేవాడు. మండు వేసవిలో కూడా. ఎవరో ఒకరు ఉక్కపోత భరించలేక 'అన్నా, ఫ్యాను' అనేదాకా అందరం ఊరికే కూర్చునేవాళ్లం. అదే ఆయన పాటించే సంతాపం.

లెక్కలంటే ఆయనకు చిరాకు. మోటారులో తీగ చుట్లు తప్ప మరే లెక్కనూ శ్రద్ధగా చేయగా నేను చూడలేదు. ఆటలో కూడికలూ తీసివేతలూ నా మీద వదిలేసేవాడు. భూగర్భ జలాల శాఖలో నీటిమట్టాలు నమోదు చేసే ఉద్యోగం నాది. ఏ బావిలో నీరు ఏ తేదీన ఎన్ని మీటర్ల లోతున ఉందో రాసే చెయ్యి, ఎవరి కాగితం మీద ఏ అంకె ఉందో మరిచిపోదు. అందుకే ఆటలో నేను ముందుగా అంకెలు చెప్పబోయేదాన్ని. ఆయన వేలెత్తి ఆపేవాడు. "ఎంతున్నదో చెప్పకు చెల్లె. ఏం జేసినవో చెప్పు."

కొత్త పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద మార్పు కవచం. పాతదాంట్లో కవచం అంకె ఎంత తక్కువైతే అంత గట్టిది. కొత్తదాంట్లో ఎంత ఎక్కువైతే అంత గట్టిది. పాత అంకెను ఇరవైలోంచి తీసేస్తే కొత్త అంకె వస్తుంది. లోతు అంకె తగ్గితే సంతోషించే ఉద్యోగం కనుక పాత పద్ధతి నాకు మొదటి రోజే ఎక్కింది. కొత్తది తలకెక్కడానికి కొన్ని వారాలు పట్టింది. ఆయనకైతే అదీ ఎక్కలేదు. నా కాగితం నేను మార్చుకున్నాను, విఠల్‌ది నేను సరిచూశాను. కొత్త పుస్తకంతో ఆడిన మొదటి ఆదివారం నేను వచ్చేలోపే ఆయన ఉత్సాహం కొద్దీ రాజమల్లు కాగితం తానే పూర్తి చేశాడు. పాతదాంట్లో ఆ వీరుడి కవచం రెండు. అంతకన్నా మంచి కవచం మాలో ఎవరికీ లేదు. ఆ రెండును ఆయన రెండుగానే దింపేశాడు. కొత్త నియమాల ప్రకారం రెండంటే ఒంటి మీద నూలుపోగు లేని దానికన్నా హీనం.

కథలో ఒక పాడుబడ్డ గిడ్డంగిలోకి వెళ్లాం. మొదటి ఎలుక కరిచింది రాజమల్లునే. రెండోదీ, మూడోదీ. విసిరిన ప్రతి రాయీ అతణ్నే వెతుక్కుంటూ వచ్చింది. ఊళ్లను కాచిన వీరుడు ఎలుకల చేతిలో పడిపోయాడు. ఆయన లేచి ఫ్యాను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో రాజమల్లు మెడ తుడుచుకుంటూ మెల్లగా అడిగాడు:

"అన్నా, జర సూడు. లోపటికి తోలేముందుగాల నాకు బట్టలన్న తొడిగినవా?"

నేను కాగితం లాక్కుని చూశాను. విఠల్ బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. ఆయన మాత్రం నవ్వలేదు. అంకెను పద్దెనిమిదిగా దిద్దించాడు గానీ, జరిగినదాన్ని వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. మేము రాజమల్లును మోసుకుని బయటికి తెచ్చాం, ఊరంతా చూసింది, అంతే. ఆ తరువాత ఏడాది పొడుగునా కథలో ఏ సత్రంలో అడుగుపెట్టినా, సత్రం యజమాని మాట్లాడకుండా ముందు ఒక తువ్వాల తెచ్చి రాజమల్లు చేతికిచ్చేవాడు.

ఇక మిగిలింది విద్యల మార్పిడి. పాతదాంట్లో పదుల కొద్దీ చిన్న చిన్న విద్యలు, కొత్తదాంట్లో గుప్పెడు. వేటిని ఉంచాలి, వేటిని వదలాలి? దానికి పట్టికలున్నాయి. ఆయన వాటిని ఒకసారి తిరగేసి పక్కన పెట్టాడు. కాగితం మీద ఉన్నదంతా మోసుకుపోతే అది ఇల్లు ఖాళీ చేసినట్టు ఉంటుందని, మనకు కావలసింది మనిషని అన్నాడు. తానే ఒక పద్ధతి పెట్టాడు. ఏ విద్య నిలవాలన్నా, ఆడే మనిషి కాక మరో ఇద్దరు దాన్ని ఆటలో జరగగా చూసి ఉండాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగిందో నోటితో చెప్పాలి. సాక్ష్యం ఉంటే ఉంటుంది, లేకపోతే పోతుంది.

నా మంత్రగత్తెకు ఎనిమిది భాషలు వచ్చని నేను ఎంతో ముచ్చటపడి రాసుకున్నాను. ఆమె వాటిలో ఒక్కటైనా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఎనిమిదీ పోయాయి. ఎప్పుడో వాగు మీద తాళ్లవంతెన కట్టిన సంగతి మాత్రం ఇద్దరూ పోటీపడి చెప్పారు; ముడులు వేసే విద్య నిలిచింది. విఠల్ దొంగకు గుర్రపుస్వారీ పోయింది. గుర్రం దొరికిన ప్రతిసారీ దాన్ని అమ్ముకుంటే స్వారీ ఎవరు చూస్తారని రాజమల్లు అడిగాడు. కోపమొస్తే విఠల్ మరాఠీలోకి వెళ్లిపోతాడు. ఆ రోజు చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. కానీ సాయంత్రానికి మా మూడు కాగితాలూ సగానికి సగం తగ్గి, మొదటిసారిగా మాలాగే కనిపించాయి.

అప్పుడు ఆయన సొరుగులోంచి నాలుగో కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. పైన ఇంగ్లీషులో బాటో అని ఉంది. వాళ్ల భాషలో బాటో అంటే రాయి అని చెప్పాడు. వాళ్లంటే ఎవరని అడిగాం.

మస్కట్ క్యాంపులో ఆయన పక్క మంచం ఒక ఫిలిప్పీన్స్ మనిషిది. ఆయనకు ఈ ఆట నేర్పింది అతడే. శుక్రవారాలు మధ్యాహ్నం గదిలో ఆడేవాళ్లు. బాటో అతని మనిషి. మరుగుజ్జు జాతివాడు, గొడ్డలి విసరడంలో దిట్ట, చీకట్లో కూడా చూడగలడు. పాత నియమాల్లో ఆ జాతికి ఒక హద్దు ఉండేది. ఎంత ఆడినా, ఎన్ని ఆపదలు దాటినా తొమ్మిదో మెట్టు పైకి పోవడానికి వీల్లేదు. బాటో తొమ్మిదో మెట్టు చేరి అక్కడే రెండేళ్లు నిలబడిపోయాడు. కంపెనీలో కూడా తమలాంటివాళ్లకు హెల్పరు దాటితే మెట్టు లేదని ఇద్దరూ నవ్వుకునేవాళ్లట. ఏదో ఒకరోజు ఈ హద్దు లేని పుస్తకం వేస్తారు, ఆ రోజు వీణ్ని పదో మెట్టు ఎక్కిస్తానని అతడు అనేవాడట. ఒక శుక్రవారం అతడు నిద్రలేవలేదు. అతని సామాను పెట్టెలో సర్ది ఇంటికి పంపింది ఈయనే. ఆ కాగితం ఒక్కటి పంపలేదు.

కొత్త పుస్తకంలో ఆ హద్దు లేదు. ఆయన దాన్ని తెప్పించింది అందుకే. ఆ సంగతి మాకు అప్పుడు తెలిసింది.

ఇంకేం, పది రాసేయమన్నాడు విఠల్. ఆయన కాగితాన్ని అతని వైపు తిప్పాడు.

"నువ్వు సూసినవా గీయన గొడ్డలి ఇసురంగ?"

"నువ్వు సూసినవ్ గదన్నా. నువ్వు జెప్తె సాలదా?"

"నేనొక్కన్నే జూస్తె గది సాక్ష్యం గాదు. యాది." నా వైపు తిరిగాడు. "చెల్లె, కొన్నొద్దులు ఆట నువ్వు నడుపు. నేను బాటోను ఆడుత. ఒకటో మెట్టు కాడికెళ్లి."

అప్పటికే ఆయన కాళ్లు వాచేవి. 2017 జనవరిలో మేము ఆ ఆట మొదలుపెట్టిన నెలలోనే వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్నారు. నేను నా అలవాటు కొద్దీ లెక్క వేశాను. మేము ఆడే తీరులో ఒక మెట్టుకు సుమారు రెండు నెలలు. పదో మెట్టుకు ఏడాదిన్నర. ఆ మాట చెప్పనా వద్దా అని వారం ఆలోచించి చెప్పాను. ఆయన చాయ్‌ని సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ విన్నాడు. "మంచిది. లెక్క సూసుడు నీ పని. ఏడాదిన్నర బతుకుడు నా పని" అన్నాడు.

అన్నేళ్లు కథ నడిపిన మనిషి, ఆడేవాడిగా కూర్చోగానే మాట తగ్గించేశాడు. చెప్పులు విప్పి గోడ వారగా పెట్టి, నిటారుగా కూర్చునేవాడు. మాట్లాడే ముందు వేలి కణుపుతో గడ్డం కింద రెండుసార్లు గోక్కునేవాడు. ఆ చేష్ట అంతకుముందు ఆయనలో మేము ఎన్నడూ చూడలేదు. అది ఎవరిదో అడగవలసిన అవసరం లేకపోయింది. మేము ఎన్నడూ చూడని ఒక మనిషి వచ్చి మా మధ్య కూర్చున్నట్టు ఉండేది.

గవ్వ మాత్రం కలిసి రాలేదు. బాటో గొడ్డలి విసిరితే గోడకు తగిలేది, చెట్టుకు తగిలేది, ఒకసారి విఠల్ టోపీకి తగిలింది. విసిరిన ఏ ఒక్కటీ తగలవలసినవాడికి తగలలేదు. ఆరు నెలలు గడిచినా ఆ విద్య కొత్త కాగితం మీదికి ఎక్కలేదు. చీకట్లో చూపూ అంతే. చూడవలసినంత చీకటి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు కాగడా వెలిగించేవారు. వాటికి బదులు ఎవరూ అనుకోనిదొకటి ఎక్కింది. ఏ గుహలోంచి బయటపడినా, ఏ కోట కూలుతున్నా, బాటో తలుపు దగ్గర ఆగి అందరూ దాటేదాకా కదిలేవాడు కాదు. ఒకరి తరువాత ఒకరిని పేరు పెట్టి పిలిచి పంపేవాడు. 'ద్వారం కాయుట' అని నేను రాసుకున్నాను. ఇద్దరూ సాక్ష్యం చెప్పారు. ఆ స్నేహితుడు కూడా అలాగే ఆడేవాడా అని నేను అడిగాను.

"లేదు చెల్లె. ఆయన అందరికన్న ముందుగాల ఉరుకుతుండె."

అంకెలంటే చిరాకుపడే మనిషి, బాటో ఒక్కడి విషయంలో ప్రతి ఆదివారం చివర నా చేత లెక్క పైకి చదివించుకునేవాడు. ఒకసారి నేను కొన్ని పాయింట్లు ఎక్కువ వేశాను. తాళం వేసిన ఒక ఇనుప తలుపును రాజమల్లు విరగ్గొడితే, పక్కన నిలబడిన బాటోకు కూడా సగం రాశాను. చదువుతుండగానే వేలెత్తాడు. "గా తలుపు నేను తియ్యలే. రాజమల్లు తీసిండు. ఆయనకే రాయి." రాజమల్లు తనకు వద్దన్నాడు. ఇద్దరూ మర్యాదలకు పోయి కాసేపు వాదించుకున్నారు. చివరికి కొట్టేసి రాశాను. వెళ్లేటప్పుడు ఆయన బస్సు దాకా రాజమల్లుతో నడిచి వెళ్లాడు. అప్పటికి ఆయన అంత దూరం నడవడం మానేసి చాలా రోజులైంది.

ఆ చలికాలానికి గదికి రావడం తగ్గిపోయింది. ఆసుపత్రిలో మిషను మీద నాలుగు గంటలు ఖాళీగా పడి ఉంటున్నానని, అక్కడికి రమ్మని కబురు పెట్టాడు. 2018 ఫిబ్రవరిలో ఒక సోమవారం సెలవు పెట్టి వెళ్లాను. ఎడమ చేతికి సూదులున్నాయి, కుడి చెయ్యి ఖాళీ. నర్సును అడిగి ఒక స్టీలు ట్రే తీసుకున్నాం. సాక్ష్యానికి ఇంకొకరు కావాలి కదా అన్నాను. పక్క మంచం మీద సుల్తానాబాద్ దిక్కు పెద్దాయన, వరి పండించే రైతు, అప్పటికే మా వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఏం చూడాలో చెబితే తాను చూస్తానన్నాడు.

వరద మీదున్న వాగు, కొట్టుకుపోతున్న వంతెన, అవతలి గట్టున మేము. బాటో ఒక్కడే ఇవతల మిగిలాడు. దాటాలంటే గవ్వ పదిహేనుకు తక్కువ పడకూడదు. ఆయన విసిరాడు. ట్రేలో గణగణమని దొర్లి ఆగింది. ఆయన కుడి చెయ్యి పాత అలవాటు కొద్దీ దాని మీద మూసుకుంది. అడగవలసిన మాట ఇప్పుడు నాది.

"పడకపోతె ఏం జేస్తవన్నా?"

గడ్డం గోక్కోవడానికి చెయ్యి ఖాళీగా లేదు. "పడకపోతె ఈడనే ఉంట. మీరు పోతనే ఉండుండ్రి" అన్నాడు.

చెయ్యి తీశాడు. పదిహేడు.

పక్క మంచం పెద్దాయన మోచేతి మీద లేవబోయి, సూదులు గుర్తొచ్చి ఆగాడు. "దాటిండా గా పొట్టోడు?"

దాటాడని చెప్పాను. పాయింట్లు కూడి చూస్తే ఏడో మెట్టు. పెద్దాయన చాలా సంతోషించాడు. ఎవరడిగినా తాను కండ్లతో చూశానని చెబుతానన్నాడు. ఇక మూడే మెట్లు మిగిలాయి. మిగిలినదానికి ఎంత పడుతుందో నా పెదవుల మీదికి వచ్చినట్టుంది. ఆయన కళ్లు మూసుకునే అన్నాడు: "ఈపారి లెక్క చెప్పకు చెల్లె."

మార్చి 9, శుక్రవారం ఉదయం ఆయన పోయాడు.

పదకొండు రోజులు కాగానే, దుకాణాన్ని ఆనుకుని ఉన్న వాళ్ల ఇంటికి వెళ్లాం. పుస్తకాలూ గవ్వల డబ్బా ఆయన భార్య ఇచ్చేస్తుందేమో, తీసుకుని ఎక్కడ కూర్చోవాలా అని దారిలో అనుకున్నాం. వదిన ఏమీ ఇవ్వలేదు. వెనక గది తాళం తీసి, నేల తుడిచి ఉంచింది. "ఐతారం పగటీలి గీ గదిల మాటలు ఇనవడకపోతె నాకు ఇల్లు ఇల్లు లెక్క లేదు. ఈడనే ఆడుకోండ్రి" అన్నది. దుకాణం ఇప్పుడు ఎవరో అద్దెకు నడుపుతున్నారు. గది మాత్రం మాదే. ఆ వేసవిలో ఒక ఆదివారం సుల్తానాబాద్ పెద్దాయన వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన పోయాడని ఆసుపత్రిలో చెప్పారట. కూర్చుని, చాయ్ తాగి, పొట్టోడు వాగు దాటడం తాను చూశానని రాజమల్లుకూ విఠల్‌కూ వివరంగా చెప్పి వెళ్లాడు.

బాటో కాగితాన్ని మేము ముట్టుకోలేదు. ఎవరూ ఆడలేదు, ఎవరూ చింపలేదు. పోయిన ఆదివారం విఠల్ తెచ్చిన పుస్తకం వల్ల మళ్లీ బయటికి తీయవలసి వచ్చింది. ముందు మా మూడు కాగితాలూ ఆయన పద్ధతిలోనే మార్చుకున్నాం. ఏళ్లు గడిచాయి, సాక్ష్యాలు చెప్పడానికి ఒక్కొక్కరం చాలాసేపు ఆలోచించవలసి వచ్చింది. నాలుగోది తీసేసరికి మూడున్నర దాటింది.

విఠల్ కలం తీసుకున్నాడు. "పది రాద్దాం అక్కా. ఎవలడుగుతరు? గా మనిషి పానమంత దాని మీదనే ఉండె."

నాకు కాదనాలనిపించలేదు. ఆయన ఎదురుచూసిన అంకె అది. ఒక గీత, ఒక సున్న. అవతల మస్కట్ గదిలోని మనిషికీ ఇవతల ఈ గదిలోని మనిషికీ చెల్లు. రాజమల్లు కాగితాన్ని తన దగ్గరికి లాక్కుని, మగ్గం మీద పోగు తెగిందేమో చూసినట్టు వేలితో ఒక్కొక్క వరుసా తడుముతూ చదివాడు.

"ఎక్కింది ఏడు. పది రాస్తె గీ పొట్టోడు ఎవడో వేరేటోడయితడు. నాకు గాయన గావాలె."

విఠల్ కలం నాకిచ్చాడు. నేను ఒక్కొక్కటీ పైకి చదివాను, వాళ్లు చూసినవాటికి చూశామన్నారు. ఇంతటితో బాటో కొత్త పుస్తకంలోకి వచ్చాడు. ఇకముందు అతణ్ని ఎవరూ ఆడకూడదని అనుకున్నాం.

పోయినవి: గొడ్డలి విసరడం. చీకట్లో చూపు. మస్కట్ స్నేహితుడు ఎలా నవ్వేవాడో చెప్పగలిగిన ఒక్క మనిషి. ఎక్కవలసిన మూడు మెట్లు.

ఉన్నవి: ద్వారం కాయుట, సాక్షులు ముగ్గురు. మాట్లాడే ముందు గడ్డం గోక్కోవడం, సాక్షులు ముగ్గురు. తనది కాని పాయింటు తిరిగి ఇవ్వడం, సాక్షులు ముగ్గురు. కవచం పదహారు. మెట్టు ఏడు, సాక్షులు నేను, సుల్తానాబాద్ పెద్దాయన.